గడ్డి ఎండితే ఒక లెక్క, కాలితే ఇంకో లెక్క

2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ ఉత్తరపు కొసన, పాన్‌హ్యాండిల్ అని పిలిచే ప్రాంతంలో, హచిన్సన్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) స్టినెట్ ఊరి దగ్గర మంట రాజుకుంది. కరెంటు తీగల వల్లే మొదలైందని టెక్సాస్ ఎ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ తర్వాత తేల్చింది. ఎండిన గడ్డి, విపరీతమైన గాలి. మంట తూర్పుకు పరిగెత్తి ఓక్లహోమాలోకి కూడా దూరింది. ఆరేటప్పటికి పది లక్షల ఎకరాలు దాటి కాలిపోయాయి. స్మోక్‌హౌస్ క్రీక్ మంట అంటారు దాన్ని. టెక్సాస్ చరిత్రలో ఇంతకు మించినది లేదు. ఇద్దరు మనుషులు, వేల పశువులు చనిపోయాయి. దెబ్బ ఎక్కువగా తగిలిన వాటిలో హెంఫిల్ కౌంటీ జనాభా మూడువేల పైచిలుకు, పక్కనున్న రాబర్ట్స్ కౌంటీ జనాభా వెయ్యికి లోపు. మనుషుల కన్నా ఆవులే ఎక్కువున్న చోట్లు ఇవి.

అలాంటి చోట ఒక పశువుల రైతు కౌంటీ ఆఫీసుకు వెళ్ళి "నా గడ్డి పోయింది" అంటే, బల్ల అవతలి మనిషి ముందు అడగాల్సిన ప్రశ్న "ఎంత పోయింది" అని కాదు, "ఎలా పోయింది" అని. ఎండిపోయిందా, కాలిపోయిందా? కాలితే ఎవరి భూమిలో కాలింది, కేంద్ర ప్రభుత్వానిదా, సొంతదా? పోయింది బీడులో గడ్డా, కొట్టంలో దాచిన మేతా? ఒక్కో జవాబుకు ఒక్కో పథకం, ఒక్కో ఫారం, ఒక్కో శాతం. ఆవు ఆకలికి మాత్రం ఈ తేడాలేవీ తెలియవు.

అమెరికా వ్యవసాయ విపత్తు సాయం గురించి మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. అక్కడ ప్రభుత్వం రైతుకు డబ్బు కుమ్మరిస్తుందని ఒకటి, అదంతా పెద్ద కంపెనీలకే పోతుందని రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, రెండూ అసలు సంగతిని వదిలేస్తాయి. అక్కడ పక్కపక్కనే రెండు రకాల సాయాలు నడుస్తున్నాయి. ఒకటి చట్టంలో శాశ్వతంగా ఉండి, కొలత దాటగానే ఎవరి ప్రకటనా అక్కర్లేకుండా హక్కుగా వచ్చేది. రెండోది నష్టం జరిగాక అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, కూర్చుని, బేరాలాడి, ఓటేసి ఇచ్చేది. మొదటిది మొరటుది, లోపాలున్నది, అయినా రెండోదానికన్నా ఎన్నో రెట్లు మేలైనదని నా వాదన. దాన్ని బాగుచేసుకోవడం మానేసి ప్రతి విపత్తుకూ కొత్త ప్యాకేజీ కోసం ఎదురుచూడటం అమెరికా చేస్తున్న తప్పు. మనం ఇంకా ఆ మొదటి మెట్టే ఎక్కలేదు.

గురువారం వచ్చే పటం

ముందు ఎండిన గడ్డి సంగతి చూద్దాం, ఎందుకంటే యంత్రం అన్నిటికన్నా బాగా పనిచేసేది అక్కడే. పశువుల మేతకు కరువు సాయం ఇచ్చే పథకాన్ని ఎల్‌ఎఫ్‌పీ అంటారు. 2008 వ్యవసాయ చట్టంలో పుట్టింది, 2014 చట్టంతో శాశ్వతమైంది. దీనికి కీలకం యు.ఎస్. డ్రౌట్ మానిటర్ అనే పటం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ శాఖ కలిసి 1999 నుంచి వారం వారం గీస్తున్నారు. మంగళవారం ఉదయం వరకు ఉన్న సమాచారంతో గీసి గురువారం విడుదల చేస్తారు. కరువుకు అందులో నాలుగు అంతస్తులు, డి1 నుంచి డి4 దాకా. నారింజ రంగు డి2, ఎరుపు డి3, ముదురు ఎరుపు డి4. వాటికి దిగువన డి0 అని ఒక హెచ్చరిక పసుపు.

నిబంధన సూటిగా ఉంటుంది. మీ కౌంటీలో ఏ మూలైనా సరే, మేత కాలంలో డి3 ఒక్కసారి తగిలితే మూడు నెలల చెల్లింపు. డి3 నాలుగు వారాలు ఉన్నా, డి4 ఒక్కసారి తగిలినా నాలుగు నెలలు. డి4 నాలుగు వారాలు ఉంటే అయిదు నెలలు. డి2 విషయంలో చాలా ఏళ్ళపాటు, వరసగా ఎనిమిది వారాలు ఉండాల్సి వచ్చేది, అప్పుడు ఒక నెల ఇచ్చేవారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం దాన్ని సడలించింది. ఇప్పుడు వరసగా నాలుగు వారాలకే ఒక నెల, ఎనిమిదింట ఏడు వారాలుంటే రెండు నెలలు. గవర్నరు లేఖ రాయనక్కర్లేదు, మంత్రి విమానంలో తిరిగి చూడనక్కర్లేదు. గురువారం ఉదయం పటం చూసుకున్న రైతుకు తనకు హక్కు వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

డబ్బు ఎంత? నెలవారీ మేత ఖర్చులో 60 శాతం. ఆ మేత ఖర్చును నిజమైన గడ్డి ధరతో లెక్కకట్టరు, మొక్కజొన్న ధరతో కడతారు. ఒక పెద్ద మాంసపు ఆవుకు రోజుకు 15.7 పౌండ్ల మొక్కజొన్నతో సమానమైన మేత అని చట్టం లెక్క. బుషెల్, అంటే 56 పౌండ్లు, 5 డాలర్లు అనుకుందాం. పౌండు దాదాపు 8.93 సెంట్లు. రోజుకు 1.40 డాలర్లు, నెలకు 42 డాలర్లు, అందులో 60 శాతం అంటే ఆవుకు నెలకు 25 డాలర్ల చిల్లర. రెండు వందల ఆవులుంటే నెలకు 5,046 డాలర్లు. అదే ఆవును ఎండుగడ్డి కొని మేపాలంటే రోజుకు 30 పౌండ్లు కావాలి. టన్ను, వాళ్ళ లెక్కలో 2,000 పౌండ్లు, 200 డాలర్లుంటే నెలకు 90 డాలర్లు అవుతుంది. డబ్బు కుమ్మరించడం అనే మాట ఇక్కడే తేలిపోతుంది. సాయం నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ వచ్చేదాంట్లోనూ బడ్జెట్ కోత చట్టం కింద 5.7 శాతం కోసేస్తారు, కాబట్టి 5,046 కాస్తా 4,758 అవుతుంది.

ఇంకో మెలిక ఉంది, రైతులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పశువుల సంఖ్యతో వచ్చిన లెక్క, భూమి మోయగల పశువుల సంఖ్యతో వచ్చిన లెక్క, రెండిట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఎన్ని ఎకరాలకు ఒక ఆవు అన్న అంకెను రైతులు ఎన్నుకునే కౌంటీ కమిటీ నిర్ణయిస్తుంది. మూడు వేల ఎకరాల బీడు ఉన్నవాడికి రెండు వందల ఆవులున్నాయనుకోండి. కమిటీ ఆవుకు 20 ఎకరాలు అని పెట్టి ఉంటే అతని భూమి 150 ఆవులనే మోస్తుంది, కాబట్టి సాయమూ 150 ఆవులకే. 15 ఎకరాలని పెట్టి ఉంటే రెండు వందలకూ వస్తుంది. కరువు వచ్చిన ఏడాది ఈ అంకె మీద అరిచి లాభం లేదు, అది అంతకుముందే పుస్తకంలో రాసేసి ఉంటుంది. అలాగే మేత కాలం కూడా. ఫలానా రకం గడ్డికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని కౌంటీకి ఒక పట్టిక ఉంటుంది. చలికాలపు గోధుమ పైరులో పశువులను మేపేవాడికి ఒక కాలం, సహజమైన బీడు గడ్డి మేపేవాడికి ఇంకో కాలం. పటం ఎరుపెక్కిన వారం మీ గడ్డి కాలంలో పడకపోతే ఆ ఎరుపు మీది కాదు.

మరి దరఖాస్తులు ఎక్కడ ఆగిపోతాయి? ఒకటి, ఆ ఏడాది ఏ నేలను ఏ పనికి వాడుతున్నదీ చెప్పే ఎకరాల నివేదిక ఇవ్వకపోవడం. దాన్ని 578 నంబరు ఫారం అంటారు. పంటలు వేసేవాళ్ళు బీమా కోసమైనా ఇస్తారు, ఉత్త బీడు మేపేవాళ్ళు "నేను నాటిందేముంది" అని ఊరుకుంటారు. రెండు, అర్హమైన కరువు మొదలవడానికి ముందు 60 రోజుల్లో ఆ పశువులు మీ చేతిలో ఉన్నట్టు రుజువు లేకపోవడం. మూడు, కౌలు బీడుకు నోటిమాటే తప్ప కాగితం లేకపోవడం. నాలుగు, కరువు ముదురుతుందని పశువులను ముందే అమ్మేసుకుని, అమ్మిన తేదీకి రశీదు దాచకపోవడం. కరువు వల్ల అమ్ముకున్న పశువులకూ సాయం ఉంది, మామూలు రేటులో 80 శాతం. రశీదు లేకపోతే అదీ ఉండదు.

ఇక "కౌంటీలో ఏ మూలైనా సరే" అన్న మాట మీద వచ్చే విమర్శ. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. వాటిలో బ్రూస్టర్ కౌంటీ ఒక్కటే దాదాపు 16,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు దాదాపు రెట్టింపు. ఒక కొసన ఎరుపు మచ్చ పడితే, వందమైళ్ళ అవతల వానలు బాగా పడినవాడికీ డబ్బు వస్తుంది. గీతకు ఇవతల, చిన్న కౌంటీలో, నిజంగా ఎండిపోయినవాడికి పటం మచ్చ గీత దాకా వచ్చి ఆగిపోతే ఏమీ రాదు. అన్యాయమే. కానీ దీనికి మందు ఏమిటి? ప్రతి పొలానికీ మనిషిని పంపి నష్టం అంచనా వేయించడమా? ఆ పని చేసి చూసిన దేశాల్లో మనదీ ఒకటి, దాని రుచి మనకు తెలుసు. మొరటు కొలత అయినా అందరికీ ముందే తెలిసినది, లంచం ఇచ్చి మార్చలేనిది, సూక్ష్మమైన కొలత కన్నా నయం. పటం గీసేవాళ్ళ మీద ఒత్తిడి రాదని కాదు, డబ్బు ముడిపడ్డాక రాకుండా ఉండదు. అందుకే పటం గీసే ఆ కరువు కేంద్రం తలుపు మూసుకోకుండా ఒక దారి పెట్టింది. ఎవరైనా తమ బీడు ఫోటోలు, చెరువు మట్టం, పశువుల స్థితి రాసి ఆన్‌లైన్‌లో నివేదిక పంపవచ్చు, గీసేవాళ్ళు ఇతర లెక్కలతోపాటు వాటినీ చూస్తారు. వాన కొలిచే పరికరాలు దూరదూరంగా ఉన్న కౌంటీల్లో ఈ నివేదికలకు విలువుంది. కరువు పెరిగాక ఒక్కసారి పంపితే పెద్దగా పనికిరాదు. మంచి కాలంలో ఎలా ఉండేదో కూడా పంపి ఉంటేనే పోలిక దొరుకుతుంది.

కాలిన గడ్డి

ఇప్పుడు మంట దగ్గరికి వద్దాం. ఎల్‌ఎఫ్‌పీలో మంటకూ చోటుంది, కానీ కేంద్ర ప్రభుత్వ భూముల్లో మేపుకునే అనుమతి ఉండి, మంట వల్ల ఆ అనుమతి ఆగిపోయిన రైతుకు మాత్రమే. నెవాడాలో, ఐడహోలో ఇది అర్థవంతం, అక్కడి బీళ్ళలో ఎక్కువ భాగం ప్రభుత్వానివే. టెక్సాస్‌లో నేలంతా దాదాపు ప్రైవేటుదే. కాబట్టి పాన్‌హ్యాండిల్ రైతు గడ్డి ఎంత కాలినా ఈ పథకం కింద ఆ మంటకు పైసా రాదు. సొంత భూమిలో మంట వల్ల పోయిన మేతకు ఎల్యాప్ అనే ఇంకో పథకం ఉంది, కొట్టంలో కాలిపోయిన ఎండుగడ్డి కట్టలకూ అదే. మళ్ళీ 60 శాతం లెక్కే, కానీ ఫారం వేరు, రుజువులు వేరు. కట్టలు ఎన్ని ఉన్నాయి, ఎంత బరువు, ఎప్పుడు కొన్నారు లేక ఎప్పుడు కోశారు? కాలిపోయినవాటికి ఇవన్నీ చూపాలి. కొన్న రశీదులు కూడా ఆ కొట్టంలోనే ఉండి ఉంటే ఇక అంతే.

చనిపోయిన పశువులకు ఎల్‌ఐపీ. వాతావరణ విపత్తుల్లో పోయిన వాటికి సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తుంది. ఆ ధర దేశమంతటికీ ఒక్కటే, ఏడాదికొకసారి వ్యవసాయ శాఖ ప్రకటిస్తుంది. ముప్పై ఏళ్ళు వంశవృక్షం రాసుకుంటూ పెంచిన మేలుజాతి ఆవుకూ, సంతలో నిన్న కొన్న ఆవుకూ రేటు ఒకటే. చిన్నవాటికి బరువు తరగతులుంటాయి. 400 పౌండ్ల దగ్గర, 800 పౌండ్ల దగ్గర రేటు మారుతుంది, కాబట్టి దూడ బరువు గురించి చేతిలో ఏదో ఒక రుజువు ఉండాలి. మామూలుగా ఏటా చచ్చిపోయే శాతం తీసేసి మిగిలిన వాటికే లెక్క. 300 ఆవుల మందలో 60 పోయాయి, మామూలు శాతం 2 అనుకుంటే 6 తీసేసి 54కే డబ్బు. ఫిబ్రవరి, మార్చి నెలలు అక్కడ ఈతల కాలం. చూడి ఆవు చనిపోతే ఒక ప్రాణానికే లెక్కకట్టడం మీద చాలాకాలం గొడవ ఉండేది. 2025 చట్టం కడుపులో ఉన్న దూడకూ కొంత చెల్లించే వీలు కల్పించింది. కాళ్ళు, పొదుగు కాలి, బతికినా తక్కువ ధరకు అమ్ముకోవాల్సి వచ్చిన పశువులకూ ఇందులో సాయం ఉంది. చాలామంది దాన్ని అడగరు.

ఇక్కడ చేయకూడని పని ఒకటే, లెక్కపెట్టకుండా పూడ్చేయడం. కుళ్ళు మొదలవకముందే గోతులు తీసి పూడ్చాలన్న తొందర ఉంటుంది, అది న్యాయమే. కానీ అంతకుముందు ప్రతి కళేబరానికీ చెవి పోగు నంబరు కనిపించేలా తేదీతో ఫోటో, పశువైద్యుడి సంతకం, లేదా బయటి మనిషి సాక్ష్యం ఉండాలి. చచ్చినవి ఎన్నో చూపితే చాలదు, మొదట ఎన్ని ఉన్నాయో కూడా చూపాలి. దానికి పనికొచ్చేవి బ్యాంకు అప్పు కోసం ఇచ్చిన పశువుల జాబితా, టీకాల బిల్లులు, పన్ను లెక్కలు. 2024 నష్టాలకు దరఖాస్తు గడువు మరుసటి ఏడాది మార్చి మొదటి వారం దాకా ఇచ్చారు. అంతకుముందు కాలంలో నష్టం కనిపించిన 30 రోజుల్లో తెలపాలన్న నిబంధన ఉండేది. గడువు పెరిగింది కదా అని రుజువులు పోగుచేయడం వాయిదా వేసినవాళ్ళకు పెరిగిన గడువు మేలు చేయదు.

కంచెలు ఇంకో కథ. పచ్చిక వాన పడితే మొలుస్తుంది, ముళ్ళకంచె మొలవదు. మంటకు చెక్క గుంజలు బూడిదవుతాయి, తీగ నిలిచినా వేడికి పట్టు పోయి పెళుసవుతుంది. దీనికి ఈసీపీ అనే పథకంలో ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవారికి, పరిమిత వనరులున్నవారికి 90 శాతం దాకా. ఒక విపత్తుకు ఒక మనిషికి గరిష్ఠం 5 లక్షల డాలర్లు. మైలు కంచెకు 12,000 డాలర్లు అనుకుంటే పది మైళ్ళకు 1,20,000, ప్రభుత్వ వాటా 90,000, రైతు వాటా 30,000. వినడానికి బాగుంది. చిక్కేమిటంటే ఇది పని పూర్తయ్యాక బిల్లు చూసి ఇచ్చే డబ్బు. 2018 చట్టం కంచెల ఖర్చులో 25 శాతం ముందే ఇచ్చే వీలు పెట్టింది, దాన్ని 60 రోజుల్లో ఖర్చు చేయకపోతే తిరిగి కట్టాలి. మిగతాది రైతే సర్దుకోవాలి. పైగా దరఖాస్తు ఇచ్చి, ఆఫీసు వాళ్ళు వచ్చి చూసి, పర్యావరణ పరిశీలన ముగించాకే పని మొదలుపెట్టాలన్నది సాధారణ నియమం. పశువులు రోడ్డెక్కుతుంటే ఎవరాగుతారు? ఆగక కట్టుకున్నవాడు అనర్హుడవుతాడు. పెద్ద విపత్తుల్లో ఈ నియమాన్ని సడలిస్తారు, కానీ ఆ సడలింపు మీ కౌంటీకి, మీ పనికి వర్తిస్తుందో లేదో కాగితం మీద చూడకుండా మొదటి గుంజ పాతకూడదు. సొంత కూలీకి, సొంత ట్రాక్టరుకు కూడా లెక్క ఉంది, గంటలు రాసిపెట్టుకున్నవాళ్ళకు.

ఎవరు కూర్చుంటారు ఆ బల్ల వెనక

ఈ పథకాలన్నీ నడిపేది వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. దేశంలో రెండు వేలకు పైగా కౌంటీ ఆఫీసులున్నాయి. ఉద్యోగులపైన రైతులు ఎన్నుకున్న కౌంటీ కమిటీ ఉంటుంది, ముగ్గురి నుంచి పదకొండు మంది దాకా, మూడేళ్ళ పదవి. 1930ల నుంచి నడుస్తున్న పద్ధతి. దిగుబడుల సగటు, భూమి మోసే పశువుల సంఖ్య, దరఖాస్తు ఆమోదం, అన్నీ వాళ్ళ చేతిలోనే. వాళ్ళకు ఆ నేల తెలుసు, అదే బలం. వాళ్ళ బంధువులు, శత్రువులు కూడా ఆ నేల మీదే ఉన్నారు, అదే జబ్బు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి రైతులను ఈ కమిటీలు దశాబ్దాలపాటు ఎలా తొక్కిపెట్టాయో కోర్టులకెక్కింది, 1999లో ప్రభుత్వం వాళ్ళతో పెద్ద ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. కమిటీ ఎన్నికల్లో ఓట్లు వేసేవాళ్ళు తక్కువ. ఆవుకు ఎన్ని ఎకరాలన్న అంకె మీద మాట్లాడాలనుకునేవాడు పట్టించుకోవాల్సిన ఎన్నిక ఇదే, వాషింగ్టన్ ఎన్నిక కాదు.

పంటల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎక్కువ పంటలకు బీమా ఉంది, దాని కథ వేరు. బీమా దొరకని పంటలకు ఎన్ఏపీ అనే పథకం ఉంది. రుసుము పంటకు 325 డాలర్లు, ఒక కౌంటీలో 825 మించదు. కనీస రక్షణలో 50 శాతం దిగుబడికి, 55 శాతం ధరకు హామీ. అంటే లక్ష డాలర్ల పంట మొత్తం తుడిచిపెట్టుకుపోతే వచ్చేది 27,500. నష్టం కనిపించిన 15 రోజుల్లో తెలపాలి, చేత్తో కోసే కూరగాయల లాంటివైతే 72 గంటల్లో. ఆ 72 గంటల దగ్గర ఎంతమంది కూరగాయల రైతులు జారిపోతారో ఊహించుకోవచ్చు.

మరో అపోహ. "మా కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటించారు" అని స్థానిక పత్రికలు పెద్ద అక్షరాల్లో వేస్తాయి. వ్యవసాయ మంత్రి ప్రకటన వల్ల నేరుగా దొరికేది అప్పు, తక్కువ వడ్డీకి 5 లక్షల డాలర్ల దాకా. ఉచితంగా ఇచ్చేది కాదు. ఆ కౌంటీకి ఆనుకుని ఉన్న కౌంటీల వాళ్ళకూ అది వర్తిస్తుంది, గడువు ఎనిమిది నెలలు. అప్పు మీద అప్పు కావాలా అన్నది వేరే ప్రశ్న.

ఇక ప్యాకేజీలు. 2017 తుపానులకు 2018 ఫిబ్రవరిలో చట్టం. 2018 నష్టాలకు 2019 జూన్‌లో. 2020, 2021 నష్టాలకు 2021 సెప్టెంబరు 30న 1,000 కోట్ల డాలర్ల చట్టం, దాని మొదటి విడత నియమాలు 2022 మేలో, రెండో విడతవి 2023 జనవరిలో. 2022 నష్టాలకు ఆ ఏడాది చివర చట్టం, కార్యక్రమం ప్రకటన 2023 అక్టోబరు చివర. 2023, 2024 నష్టాలకు 2024 డిసెంబరు 21న సంతకం, పంటల సాయం మొదటి దశ దరఖాస్తులు 2025 జూలైలో. అంటే 2023 వేసవిలో పంట ఎండినవాడికి డబ్బు రెండేళ్ళకు అందింది. అదీ లెక్కతేలిన మొత్తంలో మొదట 35 శాతం చొప్పున. లక్ష డాలర్ల పెట్టుబడి అప్పు 8 శాతం వడ్డీకి రెండేళ్ళు ఉంటే వడ్డీయే 16,000. సాయంలో ఎంత భాగం రైతుది, ఎంత బ్యాంకుది?

ఆలస్యం ఒక్కటే కాదు. ప్రతిసారీ పేరు మారుతుంది, సూత్రం మారుతుంది. 2022 నష్టాలకు పెట్టిన సూత్రంలో మొదటి 2,000 డాలర్ల నష్టానికి పూర్తిగా, తర్వాత మెట్టు మెట్టుకూ తగ్గుతూ, 10,000 దాటిన దానికి 10 శాతమే ఇచ్చారు. చిన్న రైతుకు అది మేలు, మధ్యతరహా కుటుంబ పొలాలకు పెద్ద దెబ్బ. అంతకుముందు అలా లేదు, తర్వాత అలా లేదు. ముందుచూపుతో బీమా కట్టాలా వద్దా అని లెక్కవేసుకునే రైతు ఏ సూత్రాన్ని నమ్మాలి? ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు తర్వాతి రెండేళ్ళు బీమా కొనాలన్న షరతు పెడుతున్నారు, మంచిదే. కానీ రేపు ఇంకో ప్యాకేజీ రాక తప్పదన్న నమ్మకం కూడా ఆ షరతుతోపాటే పెరుగుతోంది. గమనించాల్సిన సంగతి ఒకటుంది. 2023, 24 కరువులకు పశువుల రైతులకు అదనపు సాయం 2025లో ఇచ్చినప్పుడు, ఎల్‌ఎఫ్‌పీలో ముందే ఆమోదం పొందినవాళ్ళకు కొత్త దరఖాస్తు లేకుండానే లెక్కకట్టారు. ప్యాకేజీ సజావుగా నడిచిందంటే, కింద శాశ్వత పథకం కాగితాలు ఉన్నందువల్లే.

పెద్దలకే పోతుందన్న మాట సంగతీ చూడాలి. ఎకరాలను బట్టి, తలలను బట్టి ఇచ్చే ఏ సాయమైనా ఎకరాలు, తలలు ఉన్నవాడికే ఎక్కువ పోతుంది. ఎల్‌ఎఫ్‌పీలో మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్ల పరిమితి ఉంది, మూడేళ్ళ సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే 2025 చట్టం దాకా అసలు అనర్హత ఉండేది, ఆ చట్టం వచ్చాక ఆదాయంలో 75 శాతమైనా వ్యవసాయం నుంచి వచ్చేవాళ్ళకు ఆ అడ్డు తొలగింది. కానీ ఎల్‌ఐపీ మీద, ఎల్యాప్ మీద మనిషికింత అన్న గరిష్ఠ పరిమితిని 2018లో ఎత్తేశారు. పరిమితి ఉన్నచోట కూడా భాగస్వాములను పెంచుకుని ఒక్కో భాగస్వామికీ ఒక్కో పరిమితి వాడుకునే దారి తెరిచే ఉంది. దీన్ని మూయాలి. శాశ్వత పథకం కాబట్టి ఎక్కడ రంధ్రముందో కనిపిస్తోంది, మూయడం సాధ్యం. ప్రతిసారీ కొత్తగా గీసే ప్యాకేజీలో రంధ్రం తెలిసేసరికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది.

మన దగ్గర ఇన్‌పుట్ సబ్సిడీకి కేంద్రం నిర్దేశించిన రేట్లు 2022 నుంచి వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉంటే 17,000, బహువార్షిక తోటలకు 22,500. రెండు హెక్టార్ల వరకే, 33 శాతం పైన నష్టం ఉంటేనే. ఆ పైన ఎంత అన్నది ఆ పూట ప్రభుత్వం ఇష్టం. 2024 సెప్టెంబరు వరదలకు ఆంధ్రప్రదేశ్ వరికి హెక్టారుకు 25,000, తెలంగాణ ఎకరాకు 10,000 ప్రకటించాయి. రేట్లు తక్కువన్న గొడవ సరైనదే, దాన్ని అందరూ చేస్తున్నారు. నేను పట్టుకునేది వేరేది. 33 శాతం నష్టం అన్నది కళ్ళతో చూసి రాసే అంకె. నీళ్ళు తీశాక వ్యవసాయ సహాయకుడు గట్టు మీద నిలబడి 30 రాస్తే సున్నా, 35 రాస్తే పూర్తి రేటు. ఈ రెండు అంకెల మధ్య ఎంత ఒత్తిడి ఉంటుందో ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు తెలుసు. కరువైతే మండలాన్ని ప్రకటించడానికి వాన లోటు, పొడి వారాలు, నేలలో తేమ, పంట పచ్చదనం, ఇలా కేంద్రం 2016లో ఇచ్చిన మాన్యువల్‌లో కొలతలున్నాయి. కొలతలు దాటినంత మాత్రాన డబ్బు కదలదు. జీవో రావాలి. 2023 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ 103 మండలాలను ప్రకటించింది, అది వచ్చింది సీజను చివర, అక్టోబరు ఆఖరులో.

వాన కొలిచే స్వయంచాలక కేంద్రాలు మండలం మండలానికీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎవరు ఏ సర్వే నంబరులో ఏం వేశారో నమోదవుతోంది. వారం వారం పటం వేసి, ఫలానా రంగు ఇన్ని వారాలుంటే ఆ మండలంలో ఈ-క్రాప్‌లో ఉన్నవాళ్ళకు ఇంత అని చట్టంలో రాయడానికి కావలసిన సామగ్రి చాలావరకు చేతిలోనే ఉంది. మండలం ఒక కొసన వాన పడి ఇంకో కొసన పడకపోవడం ఇక్కడా ఉంటుంది. అయినా మన మండలం టెక్సాస్ కౌంటీ కన్నా ఎంతో చిన్నది, ఆ తప్పు వాళ్ళ తప్పు కన్నా చిన్నదే అవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం పటం మనకు సాయపడదు. ఎల్‌ఎఫ్‌పీ డబ్బు పశువులను మేపే మనిషికి, నష్టభయం మోసే మనిషికి వస్తుంది. బీడును నగదు కౌలుకు ఇచ్చిన భూయజమానికి అందులో వాటా లేదు. కౌలు కాగితం చూపమంటారు, అది లేనివాడు అక్కడా నష్టపోతాడు, కానీ కౌలు ఉందని ఒప్పుకోవడానికి అక్కడ యజమాని భయపడడు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇవ్వాలంటే యజమాని ఒప్పుకోవాలి, పేరు కాగితమెక్కితే భూమి పోతుందేమోనన్న భయంతో ఆయన ఒప్పుకోడు. ఈ-క్రాప్‌లో సాగుదారు పేరును యజమాని సంతకం లేకుండా, పక్క పొలాల వాళ్ళ సాక్ష్యంతో, ఆ నమోదు భూహక్కుకు రుజువు కాదని అదే రశీదు మీద అచ్చువేసి నమోదు చేయాలి. అది జరగకుండా వారం వారం పటం తెచ్చినా, గురువారం ఉదయం హక్కు వచ్చేది పొలం దున్నని మనిషికే.